ఆషాఢంలో క్రిస్మస్ డబ్బా

 

బయట సన్నగా వాన పడుతోంది. ఆషాఢమాసం. కొత్త కోడళ్ళు పుట్టిళ్ళలో ఉన్నారు. పొలాల్లో దుక్కులు, నారుమళ్ళు నడుస్తున్నాయి. ఇలాంటి రోజుల్లో ఈవిడ క్రిస్మస్ గురించి మొదలుపెట్టిందేమిటని మీకు అనిపించవచ్చు. ఇంకా ఐదు నెలల పైనే ఉంది కదమ్మా అంటారు. ఐదు నెలలుంది కాబట్టే ఇవాళ చెబుతున్నాను. డిసెంబరు ఇరవయ్యో తారీకున నేనిక్కడ కూర్చుని ఎంత మంచి మాట చెప్పినా మీకు ఒక్క రూపాయి మిగలదు. ఇవాళ చెబితే మిగులుతుంది.

మాది గుంటూరు జిల్లాలో మిరప పండించే ఊరు. మిరప వేసిన వాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. కోతలు సంక్రాంతి అటూ ఇటూగా మొదలై వేసవి దాకా సాగుతాయి. యార్డులో సరుకు అమ్మి డబ్బు చేతికి రావాలంటే ఫిబ్రవరి, మార్చి. డిసెంబరులో చేలో కాయ ఉంటుంది, చేతిలో పైసా ఉండదు. ఎరువులకీ పురుగుమందులకీ కూలీలకీ పెట్టాల్సిందంతా అప్పటికే పెట్టేసి ఉంటారు. సరిగ్గా ఆ నెలలోనే మా పండగ. డెల్టాలో ఇలా ఉండదు. కృష్ణా, గోదావరి కాలవల కింద సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. పండగనాటికి అక్కడి కూలివాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. మా మెట్టలో ఆడవు.

అందుకని మా ఊళ్ళో ఏటా డిసెంబరు పదిహేను దాటగానే మగవాళ్ళు ఒక్కొక్కరే ఒకే గుమ్మం వైపు నడిచేవాళ్ళు. వడ్డీకిచ్చే ఆసామి గుమ్మం అది. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. ప్రోనోటు మీద సంతకం. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, మా నాన్న తెచ్చిన డబ్బు చాలక అమ్మ చెవికమ్మలు కూడా తాకట్టుకి వెళ్ళాయి. పండగనాడు అమ్మ గుళ్ళో నా పక్కనే కూర్చుంది. కొత్తచీర కట్టుకుంది. చెవులకి మాత్రం వేపపుల్లలు పెట్టుకుంది. పాస్టరుగారు ఏం వాక్యం చెప్పారో నాకు గుర్తులేదు. ఆరాధనంతా నేను ఆ వేపపుల్లల వంకే చూస్తూ కూర్చున్నాను.

కమ్మలు ఏప్రిల్లో తిరిగొచ్చాయి. అప్పు పూర్తిగా తీరేసరికి వానలు పడ్డాయి. ఆ వానల్లోనే అమ్మ ఒక పని చేసింది.

ఇంట్లో ఖాళీ పాలపొడి డబ్బా ఒకటుండేది. దాని మూతకి కమ్మరాయన చేత సన్నటి గాటు పెట్టించింది. రూపాయి బిళ్ళ నిలువుగా పట్టేంత. మూత ఊడకుండా చుట్టూ లక్క కరిగించి పోసింది. డబ్బాని బియ్యం బస్తా వెనకాల పెట్టింది. కూలికెళ్ళొచ్చిన రోజున అర్ధరూపాయి. పాలు పోసిన రోజున పావలా. గుడ్లమ్మితే రూపాయి. ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసింది చప్పుడు వల్లే. పొద్దుపోయాక వంటింట్లోంచి టప్పుమని ఒక చప్పుడు. మొదట్లో ఖాళీ డబ్బా కదా, గట్టిగా మోగేది. దసరా నాటికి ఆ చప్పుడు మెత్తబడింది. బిళ్ళ మీద బిళ్ళ పడుతోందన్నమాట.

డిసెంబరు పదో తారీకున ఉలితో ఆ లక్క ఊడగొట్టి, మంచం మీద పాతచీర పరిచి, డబ్బా బోర్లించింది. మొత్తం ఎంతయిందో నాకు గుర్తులేదు. ఆ ఏడు మా నాన్న ఆ గుమ్మం వైపు నడవలేదు. అది గుర్తుంది.

ఇవాళ నేను చెప్పదలుచుకున్న మాట ఆ డబ్బాలోనే ఉంది. పండగ ఖర్చు మనల్ని కుంగదీయడం లేదండి. ఖర్చంతా ఒక్క వారంలో వచ్చి మీద పడుతోంది. అదే కుంగదీస్తోంది. ఇంకోసారి చెబుతాను. ఖర్చు ఎక్కువై కాదు, అంతా ఒక్క వారంలో పడటం వల్ల మనం అప్పుకి వెళుతున్నాం. ఆ వారం బరువుని ఐదు నెలల మీద పరిచేస్తే ఏ ఒక్క రోజుకీ బరువు తెలియదు.

ఒకే ఒక్క లెక్క చెబుతాను, రెండో లెక్క చెప్పను. పండక్కి పదివేలు అప్పు తెచ్చారనుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి మూడొందలు. మళ్ళీ క్రిస్మస్ దాకా అసలు తీర్చలేకపోతే వడ్డీయే 3,600 రూపాయలవుతుంది. ఇప్పుడు డబ్బా సంగతి చూడండి. జూలై ఒకటి నుంచి డిసెంబరు పదిహేను దాకా 168 రోజులు. రోజుకి ఇరవై రూపాయలు వేస్తే 3,360. చూశారా? ఇంచుమించు అంత డబ్బు మనం ఎలాగూ కడుతున్నాం. ఆసామికి వడ్డీగా కడుతున్నాం. ఆ డబ్బే మన డబ్బాలో పడాలి. ఇరవై వీలుకాకపోతే పది వెయ్యండి. కూలి దొరకని రోజున ఏమీ వెయ్యకండి. మధ్యలో పిల్లాడికి జ్వరమొస్తే తీసి వాడండి, తప్పులేదు. మా అమ్మ కూడా ఒకసారి తీసింది. మూత గాటులోంచి జడపిన్నుతో లాగి తీసింది. మళ్ళీ వేసింది.

ఈ ఆలోచన మా అమ్మ ఒక్కదానికే వచ్చిందని నేను అనుకునేదాన్ని. పెద్దయ్యాక చదివితే తెలిసింది, బీదవాళ్ళున్న ప్రతి చోటా ఇది ఉందని. విక్టోరియా రాణి కాలంలో లండన్ కూలివాళ్ళు వారానికి కొన్ని పెన్నీల చొప్పున కట్టుకుంటూ పోయేవాళ్ళు. క్రిస్మస్ నాటికి ఇంటికో బాతు దక్కేది. వాటిని గూస్ క్లబ్బులనేవాళ్ళు. షెర్లాక్ హోమ్స్ కథల్లో బాతు పొట్టలో నీలమణి దొరికే కథ చాలామంది చదివే ఉంటారు. 1892లో అచ్చయింది. అందులో ఒక పెద్దమనిషికి బాతు వచ్చింది అలాంటి క్లబ్బు నుంచే. అమెరికాలో 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రం కార్లైల్ అనే ఊళ్ళో ఒక బ్యాంకు ఇదే పనిని క్రిస్మస్ క్లబ్ అనే పేరుతో పెట్టింది. వారం వారం కొంచెం కట్టడం, పండగ ముందు మొత్తం తీసుకోవడం.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 2006లో ఇంగ్లండులోనే, పేద కుటుంబాల దగ్గర ఏడాది పొడుగునా పండగ డబ్బు కట్టించుకున్న ఒక కంపెనీ అక్టోబరు నెలలో మునిగిపోయింది. లక్షమందికి పైగా జనం పండగ రెండు నెలల్లో ఉందనగా చేతులు ఖాళీ చేసుకుని నిలబడ్డారు. మన దగ్గరా ఇలాంటివి చూస్తున్నాం. నెలనెలా కడితే పండక్కి బంగారం బిళ్ళ, సరుకుల ప్యాకేజీ, స్టీలు సామాను అని చెప్పి కట్టించుకుంటారు. దగ్గరవాళ్ళే అడుగుతారు కాబట్టి కాదనలేం. నా మాట విని, మీ పండగ డబ్బు అలాంటి చోట పెట్టకండి. చీటీ వెయ్యాలనుకుంటే 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైందో లేదో అడిగి వెయ్యండి. పోస్టాఫీసులో పొదుపు ఖాతా ఉంది. మీ డ్వాక్రా సంఘం ఉంది. ఏదీ కుదరకపోతే పాలపొడి డబ్బా ఉండనే ఉంది. మీ డబ్బు మీ కళ్ళెదుట ఉండాలి. అంతే.

డబ్బు సంగతి అయింది. ఇప్పుడు బట్టల సంగతి.

మన పండగల్లో కొత్తబట్టలు లేని క్రిస్మస్‌ని నేను ఊహించలేను. చిన్నపిల్లలు గుడికి కొత్తగౌన్లేసుకుని వచ్చి ఒకరినొకరు చూసుకునే ఆ ముఖాలు నాకు కావాలి. అక్కడ పొదుపు చెయ్యమని చెప్పను. ఎప్పుడు కొనాలో చెబుతాను. ఇప్పుడే కొనండి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, బట్టల కొట్లు ఖాళీగా ఉంటాయి, అందుకే ఆషాఢం సేల్ అని తగ్గించి అమ్ముతారు. డిసెంబరులో అంతగా తగ్గించరు. పిల్లలకి రెడీమేడ్ కొనకండి, ఐదు నెలల్లో జానెడు పెరుగుతారు. తాను గుడ్డ కొని పెట్టెలో పెట్టండి. నవంబరు మొదటివారంలో కొలతలిచ్చి కుట్టించండి. కుట్టేటప్పుడు గౌను అంచులో రెండంగుళాలు, ప్రక్కకుట్లలో అంగుళం లోపలికి మడిచి కుట్టమని చెప్పండి. వచ్చే ఏడు ఆ మడత విప్పితే అదే గౌను ఈస్టరుకీ, మళ్ళీ బడి తెరిచేటప్పటికీ వస్తుంది.

నవంబరు మొదటివారమని ఎందుకంటున్నానంటే ఒక బాధ నేను పడ్డాను. నా పెద్దకూతురికి నాలుగేళ్ళప్పుడు డిసెంబరు పన్నెండున గుడ్డ ఇచ్చాను. ఇరవైనాలుగు రాత్రి తొమ్మిదింటికి కూడా ఆ కుట్టుకొట్టు ముందు నిలబడ్డాం, నేనూ, నా కూతురూ, ఇంకో పదిమంది తల్లులూ. మిషను ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆ మనిషి తప్పేం లేదు, ఊరంతా ఒకే వారంలో ఇచ్చింది. అవతల గుళ్ళో కొవ్వొత్తుల ఆరాధన మొదలైపోయింది. పాటలు వినబడుతున్నాయి. పిల్ల నా భుజం మీదే నిద్రపోయింది. చూశారా, ఇక్కడా అదే వచ్చింది. అంతా ఒక్క వారంలో పడటం.

ఈ నెలలోనే చెయ్యాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి చామంతి. ఇప్పుడు తెలిసినవాళ్ళింట్లో చామంతి పిలకలు నాలుగు అడిగి తెచ్చుకోండి. పగిలిన బకెట్లో నాటినా చాలు. నెల తిరిగాక చివుళ్ళు గిల్లండి. గిల్లితే పక్కకొమ్మలు వేస్తుంది, కొమ్మకొమ్మకీ మొగ్గ వస్తుంది. చలికాలపు పువ్వు కదా, డిసెంబరులో విరగబూస్తుంది. బంతి విత్తనం మాత్రం ఇప్పుడు చల్లకండి, పువ్వు ముందే అయిపోతుంది. వినాయకచవితి వెళ్ళాక సెప్టెంబరు చివర్లో చల్లితే పండక్కి సరిపోతుంది. గుడి గుమ్మానికి కట్టే దండలు పదిళ్ళలో పూచిన పూలతో అయిపోతాయి.

రెండోది కోడిపిల్లలు. పల్లెల్లో ఉన్నవాళ్ళకి, కాస్త పెరడున్న వాళ్ళకి చెబుతున్నాను. పండగవారంలో నాటుకోడి ధర మనం చెప్పుకోనక్కర్లేదు. ఇప్పుడు ఆరు పిల్లల్ని తెచ్చుకుంటే వంటింటి మెతుకులూ, పెంట మీద పురుగులూ తిని క్రిస్మస్ నాటికి కూరకొస్తాయి. నాటుకోళ్ళే దొరకాలని లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా రకం ఉంది. నాటుకోడిలాగే రంగురంగుల ఈకలతో ఉంటుంది, తొందరగా బరువు పడుతుంది. కొక్కెర తెగులుకి టీకా మాత్రం వేయించండి. అది మర్చిపోతే పండక్కి ఒక్కటీ మిగలదు.

ఇంక నక్షత్రం. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఇది నాకు బాగా ఇష్టమైన పని.

బజార్లో నక్షత్రాలు దొరుకుతాయి. అందంగానే ఉంటాయి. ఒక మంచుకి తడిసి, ఒక గాలికి చిరిగి అవతల పడతాయి. ఇంట్లో చేసుకున్న నక్షత్రానికి చట్రం పదేళ్ళుంటుంది. మా ఇంట్లో ఉన్నదానికి పద్నాలుగేళ్ళు. మీరు వింటూ మనసులో కట్టుకోండి. వెదురు బద్దలు కావాలి. చిటికెనవేలంత మందం, రెండడుగుల పొడవు. అలాంటివి పది. పొట్టివి ఐదు కావాలి, అరజానెడు పొడవుంటే చాలు. పదింటిలో ఐదు తీసుకుని, పిల్లలు పలక మీద చెయ్యెత్తకుండా గీస్తారే చుక్క, ఆ ఆకారంలో ఒకదాని మీద ఒకటి దాటించి, కొసలు పురికొసతో కట్టండి. ఒక చుక్క అయింది. మిగిలిన ఐదు బద్దలతో అచ్చం అలాంటిదే ఇంకొకటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ కలిపి కట్టెయ్యండి. ఇప్పటికి అది పలచగా, అప్పడంలా ఉంటుంది. బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు లోపల ఐదున్నాయి కదా. ఆ ఐదు చోట్లా రెండు చుక్కల మధ్యకి ఒక్కో పొట్టిపుల్లని దూర్చండి. ఆ పుల్ల నిలబడగానే నక్షత్రానికి పొట్ట వస్తుంది. మా ఇంట్లో పిల్లలు ఆ క్షణం కోసమే కూర్చునేవాళ్ళు. పలచటి పుల్లల కట్ట కాస్తా ఒక్కసారి నిండుగా లేచి నిలబడుతుంది.

తర్వాత కాగితం. మైదాపిండి నీళ్ళలో కలిపి ఉడికిస్తే జిగురు. రంగుకాగితం అంటించి, అడుగున ఒక్క రెక్క తెరిచి ఉంచండి, బల్బు దూర్చడానికి. తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బే పెట్టండి. పాతరకం బల్బు వేడికి కాగితం అంటుకున్న ఇళ్ళున్నాయి. మంచుకి తడవకుండా వసారా చూరు కింద కట్టండి. పండగయ్యాక కాగితం చింపేసి చట్రాన్ని అటక మీద పెట్టెయ్యండి. వచ్చే ఏడు ఖర్చు నాలుగు రంగుకాగితాలే. బద్దలు ఇప్పుడే చీరి పెట్టుకోండి. నవంబరు సెలవురోజుల్లో పిల్లలతో కట్టించండి.

చెట్టు గురించి ఎవరైనా అడుగుతారేమో. ప్లాస్టిక్ చెట్టు కొననక్కర్లేదు. మా కోస్తాలో సరుగుడు తోటలున్నాయి. ఒక సరుగుడు కొమ్మ తెచ్చి ఇసుక డబ్బాలో నిలబెడితే ఇంటినిండా పచ్చివాసన. క్రిస్మస్‌కి బొమ్మల పశువుల పాక కట్టే పిల్లలకి ఒక ముచ్చట చెప్పండి. పండక్కి వారం ముందు పళ్ళెంలో మట్టి పోసి ఆవాలూ రాగులూ చల్లి నీళ్ళు చిలకరించమనండి. ఇరవైనాలుగో తారీకుకి పాక ముందు పచ్చగడ్డి లేస్తుంది. దానికి అయ్యే ఖర్చు పోపులడబ్బాలోంచి ఒక చెంచా.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం. మన ఇళ్ళల్లో క్రిస్మస్ అంటే కేకు తర్వాతి మాట. ముందు గులాబీ పువ్వులు. కజ్జికాయలు, జంతికలు కూడా ఉంటాయి, అయినా గులాబీ పువ్వు వేగే వాసన వీధిలోకి వస్తేనే ఆ వీధికి పండగ వచ్చినట్టు.

గులాబీ పువ్వులకి ఇనుప అచ్చు ఉంటుంది, పొడుగాటి కాడకి పువ్వు తగిలించినట్టు. ఇది ఇంటికొకటి కొననక్కర్లేదు. వాడకు రెండుంటే చాలు. అచ్చు ఎంత పాతదైతే అంత మంచిది. కొత్త అచ్చు అయితే రాత్రంతా బియ్యం కడిగిన నీళ్ళలో నానబెట్టి, కడిగి తుడిచి, వారం రోజులు నూనె రాసి ఉంచాలి. ఆ వారం లేకపోతే పిండి అచ్చుకే అంటుకుని రాదు. పండగముందు రోజు అచ్చు కొని, ఆ రాత్రే మొదలుపెట్టి, ఒక్కటీ ఊడిరాక ఏడ్చిన కొత్తకోడళ్ళని నేను చూశాను.

బియ్యప్పిండి, కాస్త మైదా, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు. గరిటె ముంచి తీస్తే గరిటెకి పలచగా పట్టి నిలవాలి, అంత జారుగా కలుపుకోవాలి. అచ్చుని ముందు కాగే నూనెలో ఉంచి వేడెక్కించండి. తీసి పిండిలో ముంచితే చుయ్యిమనాలి. ఆ శబ్దం రాకపోతే అచ్చు ఇంకా కాగలేదన్నమాట. ముంచేటప్పుడు అచ్చు పైఅంచు పిండిలో మునగకూడదు. ముప్పాతిక వంతే మునగాలి. పైఅంచు మునిగిందా, పిండి అటువైపు కూడా కప్పేసి, పువ్వు అచ్చుని వదలదు. నూనెలో పెట్టి రెండుసార్లు కొద్దిగా ఆడిస్తే పువ్వు జారి తేలుతుంది.

ఈ పని ఒక్క ఇంట్లో ఒక్కరు చేస్తే నడుం పోతుంది, నూనె పోతుంది. నాలుగిళ్ళ వాళ్ళు కలవండి. ఒకింటి పొయ్యి, ఒకింటి మూకుడు, ఒకరి అచ్చు. పిండి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. నాలుగు మూకుళ్ళ నూనె కాచేబదులు ఒక్క మూకుడు నూనెతో నాలుగిళ్ళ పువ్వులూ వేగుతాయి. డిసెంబరు పద్దెనిమిది, ఇరవై తారీకుల మధ్య పెట్టుకోండి. బాగా ఆరాక గాలిచొరని డబ్బాలో వేస్తే కొత్తసంవత్సరం దాకా కరకరలాడతాయి. మా అమ్మా, మా పెద్దమ్మా, పక్కింటి పిన్నీ అలా రాత్రి రెండింటి దాకా పొయ్యి చుట్టూ కూర్చునేవాళ్ళు. వాళ్ళు చెప్పుకున్నన్ని కబుర్లు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కేకు కావాలనుకునే వాళ్ళు కుక్కర్లోనే చేసుకోవచ్చు. అడుగున రెండు గుప్పిళ్ళ ఉప్పు పరిచి, మూతకున్న రబ్బరూ విజిలూ తీసేసి, సన్నటి మంట మీద. రంగు కోసం పంచదారని ముదురుగా మాడ్చి నీళ్ళు పోస్తే చాలు. కేకు గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను.

క్యారల్స్ పిల్లలు అర్ధరాత్రి వస్తారు. వాళ్ళకేం పెట్టాలని చాలామంది బెంగపడతారు. చలిలో పాడుకుంటూ వచ్చిన గొంతులకి వేడి అల్లం టీ, వేయించిన వేరుశనగపప్పు. ఇంతకంటే మంచిది ఏ బేకరీలోనూ లేదు. మా ఇంటికొచ్చే కుర్రాళ్ళు వేరుశనగపప్పు కోసం ఇంకో పాట ఎక్కువ పాడతారు.

ప్రేమవిందు గురించి కూడా ఒక మాట. పండగనాడు గుడి దగ్గర అందరూ కలిసి తినే భోజనం అది. దానికి చందా అడిగితే, ఇవ్వలేని ఇల్లాలు ఆ వారం గుడికే రాకుండా ఉండిపోతుంది. నేను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. చందా వద్దు. గుప్పెడు బియ్యం పద్ధతి పెట్టండి. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వెయ్యడం. గుప్పెడు తగ్గితే ఇంట్లో ఎవరి కడుపూ మాడదు. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు ఈ పద్ధతి 1910లో మొదలుపెట్టారు. ఆ గుప్పెళ్ళతోనే అక్కడి సంఘం ఇప్పటికీ ఎన్నో పనులు చేస్తోంది. ఆగస్టు నుంచి మీ సంఘంలో యాభై కుండలు నిండితే డిసెంబరులో బియ్యం బస్తా కొనాల్సిన పనుండదు. ఎవరు ఎంత తెచ్చారో ఎవరికీ తెలియదు కూడా. కుండలన్నీ ఒకే గోనె మీద బోర్లిస్తారు.

మెదక్ చర్చి చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. 1924 క్రిస్మస్ రోజునే దాన్ని ప్రతిష్ఠించారు. కరువుకాలంలో జనానికి ఊరికే గంజి పోసేబదులు పని చూపించి తిండి పెట్టాలని ఛార్లెస్ పాస్నెట్ అనే దొర ఆ పని తలపెట్టారు. ఆకలితో ఉన్న మనిషి తల దించుకోకుండా భోంచెయ్యాలన్న పట్టింపు ఆ గోడల్లో ఉంది. ప్రేమవిందు వండేటప్పుడు అది మనకీ ఉండాలని నా కోరిక.

ఎక్కడ తగ్గించుకోవాలో కూడా అడుగుతారు కదా. నా అభిప్రాయం చెబుతాను, నొచ్చుకోకండి. ఫ్లెక్సీలు తగ్గించండి. నాలుగురోజులు కట్టి చింపేసే గుడ్డ మీద మన ముఖాలు వేసుకోవడానికి వేలు పోస్తున్నాం. అద్దెకి తెచ్చే పెద్ద స్పీకర్లు తగ్గించండి. డప్పు ఉంది, తబలా ఉంది, హార్మోనియం ఉంది, మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఉన్నాయి. వాటికి స్పీకరు అక్కర్లేదు. ఇరుగుపొరుగుకి పంపే పళ్ళెం మాత్రం తగ్గించకండి. సంక్రాంతికి వాళ్ళింటి అరిసెలు మనకొస్తాయి, రంజానుకి సేమ్యా వస్తుంది. మన పళ్ళెంలో నాలుగు గులాబీ పువ్వులే ఉన్నా ఫరవాలేదు, పళ్ళెం వెళ్ళాలి.

నాకిచ్చిన సమయం దగ్గరపడింది. మొదట్లో చెప్పిందే మళ్ళీ చెప్పి సెలవు తీసుకుంటాను. ఖర్చంతా ఒక్క వారంలో పడకూడదు. ఈ నెలలో గుడ్డ కొనండి, చామంతి నాటండి, బద్దలు చీరండి. ఆగస్టులో బియ్యం కుండ. సెప్టెంబరు చివర్లో బంతి. నవంబరు మొదటివారంలో కుట్టుపని. డబ్బా మాత్రం ఇవాళే. ఈ ప్రసంగం అయిపోగానే లేచి వంటింట్లో ఒక ఖాళీ డబ్బా వెతకండి.

నేను ఒకటి తెచ్చుకున్నాను. ఇక్కడ, మైకు పక్కన పెట్టాను. ఇందులో ఇంకా ఏమీ లేదు. ఈ ఏటి మొదటి రూపాయి ఇప్పుడు వేస్తున్నాను. ఖాళీ డబ్బా కదా, గట్టిగానే మోగుతుంది. వినండి.